ఇంటి కంప్యూటరు భద్రత: హెచ్చరికలు, అమరికలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఇంటి కంప్యూటరును వైరస్‌ల నుంచి కాపాడుకోవడం ఎలా అన్న ప్రశ్నకు కొన్ని దశాబ్దాలుగా దాదాపు ఒకే సమాధానం వినిపిస్తున్నది. అపరిచితుల నుంచి వచ్చిన ఫైలును తెరవరాదు, యాంటీవైరస్ వేయించుకోవాలి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదు, ముఖ్యమైన వాటికి మరో చోట నకలు ఉంచుకోవాలి. పత్రికల కంప్యూటర్ శీర్షికలు, బ్యాంకుల ప్రకటనలు, పోలీసుల కరపత్రాలు ఈ మాటలనే మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చాయి. ఇవి తప్పు మాటలు కావు. అయితే ఈ వాక్యాలన్నిటికీ కర్త ఒక్కరే: ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి. ప్రమాదం జరిగితే దోషం ఆ మనిషి అజాగ్రత్తదే అన్న తీర్పు ఈ వాక్యాల వ్యాకరణంలోనే ఇమిడి ఉన్నది.

చరిత్రను దగ్గరగా చూస్తే మరో సంగతి కనబడుతుంది. 1980ల నుంచి ఇళ్లలోని కంప్యూటర్లను పీడించిన పెద్ద వైరస్‌లలో చాలావాటికి దారి ఇచ్చింది వాడేవారి ఏమరుపాటు ఒక్కటే కాదు; యంత్రాన్ని కొన్న రోజున అది ఉన్న తీరు కూడా. కంప్యూటర్ వాడుకలో దీన్నే 'డిఫాల్ట్' అంటారు. ఎవరూ ఏదీ మార్చకపోతే యంత్రం దేన్ని నడుపుతుంది, దేన్ని ఆపుతుంది, దేన్ని దాస్తుంది అన్నది తయారీదారు ముందే చేసి పంపిన నిర్ణయం. ఇంట్లో వాడేవారిలో అధికులు ఆ నిర్ణయాన్ని ఎన్నడూ తాకరు. ఒక్కొక్క తరహా దాడి తగ్గుముఖం పట్టడంలో హెచ్చరికల కన్నా ఈ అమరికల మార్పే ఎక్కువ పని చేసిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. సంస్థల సర్వర్లు, రక్షణ వ్యవస్థలు, దేశాల మధ్య గూఢచర్యం ఈ పరిశీలన పరిధిలోకి రావు. ఇంటి బల్ల మీది యంత్రమే ఇక్కడి విషయం.

డ్రైవులో మరచిపోయిన ఫ్లాపీ

ఇళ్లలో తిరిగిన తొలి వైరస్‌గా సాధారణంగా ఎల్క్ క్లోనర్‌ను పేర్కొంటారు. 1982లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతానికి చెందిన పదిహేనేళ్ల విద్యార్థి రిచ్ స్క్రెంటా ఆపిల్-2 కంప్యూటరు కోసం దాన్ని రాశాడు. మిత్రులు ఆటల డిస్కులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే అలవాటే దానికి వాహనం. వైరస్ ఉన్న డిస్కుతో యంత్రాన్ని యాభయ్యోసారి ప్రారంభించినప్పుడు తెర మీద ఒక చిన్న పద్యం కనబడేది. ఫైళ్లను నాశనం చేసే ఉద్దేశం అందులో లేదు.

ఈ తరహా ప్రోగ్రాములకు శాస్త్ర పరిశోధనలో స్థానం కల్పించినవాడు ఫ్రెడ్ కోహెన్. 1983 నవంబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన ప్రయోగాలు చేశాడు. మరుసటి ఏడాది వాటిపై పత్రం సమర్పించాడు. 'వైరస్' అన్న పేరును సూచించింది ఆయన పరిశోధన పర్యవేక్షకుడు లెన్ ఏడల్‌మన్. ఆర్ఎస్ఏ అనే గూఢలిపి పద్ధతి పేరులోని మూడో అక్షరం ఈయనదే. కోహెన్ పత్రంలో తరువాతి చరిత్రకు అత్యంత ముఖ్యమైనది ఒక నిరూపణ. ఏ ప్రోగ్రామునైనా పరీక్షించి, అది వైరసో కాదో ఎన్నడూ పొరబడకుండా చెప్పగల ప్రోగ్రామును రాయడం అసాధ్యమని ఆయన తర్కబద్ధంగా చూపాడు. అలాంటి పరీక్షకుడు ఒకడున్నాడని అనుకుంటే, ఒక ప్రోగ్రాము తనను గురించి ఆ పరీక్షకుణ్నే అడిగి, 'వైరస్' అని జవాబు వస్తే ఊరుకోవచ్చు, 'కాదు' అని వస్తే వ్యాపించవచ్చు. పరీక్షకుడు ఏ జవాబిచ్చినా అది తప్పే అవుతుంది. యాంటీవైరస్ పరిశ్రమ ఇంకా రూపుదిద్దుకోకముందే దాని పరిమితి ఈ విధంగా నిరూపణ అయి ఉన్నది. ఆ పరిశ్రమ ప్రకటనల్లో 'సంపూర్ణ రక్షణ' అన్న మాట ఆ తర్వాత ఎన్ని వందలసార్లు అచ్చయిందో తలచుకుంటే ఈ వైచిత్రి తేటపడుతుంది.

ఐబీఎం పీసీల మీద వ్యాపించిన తొలి వైరస్ 'బ్రెయిన్' 1986లో లాహోరులో పుట్టింది. బాసిత్ ఫారూఖ్ అల్వీ, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు అక్కడ కంప్యూటర్ దుకాణం నడిపేవారు. తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేరును జనం అనుమతి లేకుండా నకలు చేసుకుంటున్నారని, ఆ నకళ్ల జాడ తీయడానికే దీన్ని రాశామని వారు తరువాత చెప్పుకున్నారు. వైరస్ లోపల తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోను నంబర్లు కూడా రాసిపెట్టారు. నేరస్థుడు చిరునామా ఇచ్చి వెళ్లిన సందర్భాలు ఈ చరిత్రలో మళ్లీ పెద్దగా కనబడవు. 1987 నాటికి ఆ వైరస్ అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం డిస్కులలో బయటపడింది.

బ్రెయిన్ వంటి 'బూట్ సెక్టార్' వైరస్‌లు పనిచేసిన విధానంలోనే అమరిక పాత్ర స్పష్టంగా ఉన్నది. నాటి పీసీలు మీట నొక్కగానే మొదట ఏ-డ్రైవులో ఫ్లాపీ ఉన్నదా అని చూసేవి. ఉంటే దాని మొదటి సెక్టారులో ఉన్న చిన్న ప్రోగ్రామును చదివి నడిపేవి. ఫ్లాపీ లేకపోతేనే హార్డ్ డిస్కు వంతు. నిన్న సాయంత్రం ఉత్తరం టైపు చేసి డ్రైవులోనే మరచిపోయిన ఫ్లాపీతో మర్నాడు యంత్రాన్ని ప్రారంభిస్తే, ఇది సిస్టమ్ డిస్కు కాదు అన్న సందేశం తెర మీద వచ్చేది. వాడేవారు ఫ్లాపీ తీసేసి ఏదో ఒక మీట నొక్కి పని కొనసాగించేవారు. ఆ సందేశాన్ని చూపినది కూడా ఫ్లాపీ మొదటి సెక్టారులోని ప్రోగ్రామే. అంటే ఆ వాక్యం కనబడే సరికే, డిస్కులో వైరస్ ఉంటే, అది యంత్రం జ్ఞాపకంలోకి చేరిపోయి ఉండేది. ఏ ఫైలునూ తెరవలేదు, ఏ ప్రోగ్రామునూ నడపలేదు. అయినా వైరస్ సోకింది.

నాటి ఇళ్లలో, కళాశాల ప్రయోగశాలల్లో ఒక మంచి అలవాటు ఉండేది. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ అంచున ఉన్న గాటు మీద చిన్న కాగితపు చీటీ అంటిస్తే ఆ డిస్కు మీద ఎవరూ రాయలేరు, వైరస్ కూడా రాయలేదు. ఈ రక్షణ యంత్రభాగంలోనే ఉన్నందువల్ల ప్రోగ్రాములేవీ దాన్ని దాటలేకపోయాయి. అయితే గాటు తెరిచి ఉండటమే మామూలు స్థితి. చీటీ అంటించడం వాడేవారి పని. దీనికి తలకిందులుగా ఉండి ఉంటే, అంటే రాయదలచినప్పుడే ఏదైనా అంటించవలసి ఉంటే, 1980ల వైరస్ చరిత్ర ఎట్లా ఉండేదన్నది ఊహకు సంబంధించిన ప్రశ్న. కాని ఆలోచించదగినది.

భయం, దాని విపణి

1992 మార్చి 6న చిత్రకారుడు మైకెలాంజిలో జయంతి. ఆ తేదీన హార్డ్ డిస్కులోని సమాచారాన్ని చెరిపివేసే వైరస్ ఒకటి వ్యాపిస్తున్నదని, యాభై లక్షల కంప్యూటర్లు దెబ్బతినవచ్చని అమెరికా పత్రికలు, టీవీలు వారాల తరబడి చెప్పాయి. ఆ రోజున కంప్యూటరును వెలిగించవద్దని కొందరు, తేదీని ముందుకు జరపమని కొందరు సలహా ఇచ్చారు. యాంటీవైరస్ ప్యాకెట్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. తీరా చూస్తే నష్టపోయిన యంత్రాలు వేలల్లోనే తేలాయి. ప్రచారం వల్లనే నష్టం తప్పిందని పరిశ్రమ అన్నది. ప్రచారమే పెద్ద నష్టమని విమర్శకులు అన్నారు. రెండు వాదాలనూ ఇప్పుడు పూర్తిగా తేల్చడం సాధ్యం కాదు. అయితే ఇంటి భద్రతను విడిగా కొనుక్కోవలసిన సరుకుగా స్థిరపరచడంలో ఆ మార్చి నెలకు స్థానం ఉన్నది.

భారతదేశంలో ఆ సరుకు దుకాణాల నుంచే పుట్టింది. పుణెలో కాలిక్యులేటర్లు, తర్వాత కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం నడిపిన కైలాశ్ కాట్కర్, ప్రోగ్రాములు రాయడం తెలిసిన తమ్ముడు సంజయ్ కలిసి 1990ల నడుమ 'క్విక్ హీల్' అనే యాంటీవైరస్‌ను తయారుచేశారు. బాగుచేయడానికి వచ్చే యంత్రాల్లో ఏ వైరస్ కనబడితే దానికి విరుగుడు రాయడం ఆ పని తొలి దశ. నాటి యాంటీవైరస్ ప్రధానంగా ఒక జాబితా. పట్టుబడిన వైరస్‌ల గుర్తులు అందులో ఉంటాయి. ఫైళ్లను వాటితో పోల్చి చూస్తుంది. కొత్త వైరస్ జాబితాలో చేరేదాకా అది కనబడదు. ఇంటర్నెట్ ఇళ్లకు రాని రోజుల్లో ఆ జాబితా కొత్త ప్రతి ఫ్లాపీ మీద చేతులు మారుతూ రావలసి ఉండేది. వైరస్ ఎక్కిన బండీ, విరుగుడు ఎక్కిన బండీ ఒకటే. మొదటిది ముందు బయలుదేరేది.

ప్రేమలేఖ

1995లో 'కాన్సెప్ట్' అనే వైరస్ వర్డ్ ఫైళ్ల ద్వారా వ్యాపించడంతో ఒక పాత నమ్మకం చెదిరింది. ప్రోగ్రాము వేరు, పత్రం వేరు, పత్రాన్ని చదివితే ఏమీ కాదు అన్నది ఆ నమ్మకం. వర్డ్ పత్రంలో మాక్రో అనే చిన్న ప్రోగ్రాములు ఇమిడి ఉండవచ్చు. పత్రం తెరిస్తే అవి తమంతట తాము నడిచేవి. 1999 మార్చి చివరలో వచ్చిన 'మెలిస్సా' ఇదే మార్గాన బయలుదేరి, వాడేవారి చిరునామాల పుస్తకంలోని మొదటి యాభై మందికి తనను తాను పంపుకున్నది.

2000 మే 4న మనీలా నుంచి బయలుదేరిన 'ఐ లవ్ యు' వైరస్ హెచ్చరికల పరంపరను నేరుగా దెబ్బతీసింది. అపరిచితుల నుంచి వచ్చినది తెరవవద్దన్నది సలహా. ఈ ఉత్తరం అపరిచితుల నుంచి రాలేదు. సహోద్యోగి నుంచో, బంధువు నుంచో, పాత మిత్రుడి నుంచో వచ్చింది. వైరస్ వారి చిరునామాల పుస్తకం తీసి అందరికీ వారి పేరుతోనే పంపింది. జతచేసిన ఫైలు పేరు చివర రెండు తోకలు ఉన్నాయి: మొదటిది మామూలు టెక్స్ట్ ఫైలుదైన 'టిఎక్స్‌టి', రెండోది నడిపించదగిన స్క్రిప్టుదైన 'విబిఎస్'. విండోస్ తన డిఫాల్ట్ అమరిక ప్రకారం ఫైలు పేరులోని చివరి తోకను దాచేది. కనుక చాలామందికి కనబడింది 'టిఎక్స్‌టి' మాత్రమే. జాగ్రత్తగా చూసి, ఇది చదువుకునే కాగితమే అని నిర్ధారించుకుని తెరిచినవారు కూడా మోసపోయారు. చూడమని చెప్పినదాన్ని యంత్రమే చూడనివ్వలేదు. ఫైలు తోకను దాచే ఈ అమరిక విండోస్‌లో నేటికీ అలాగే కొనసాగుతున్నది.

ఆ వైరస్ రాసినట్టు గుర్తించిన విద్యార్థి ఓనెల్ డె గుజ్‌మన్‌ను శిక్షించడానికి ఫిలిప్పీన్స్‌లో అప్పటికి తగిన చట్టం లేకపోయింది. అదే ఏడాది జూన్‌లో ఆ దేశం చట్టం చేసింది. యాదృచ్ఛికమే అయినా, భారతదేశపు సమాచార సాంకేతిక చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించినదీ ఆ జూన్ నెలలోనే. 2000 అక్టోబరు 17 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని 43వ విభాగం కంప్యూటర్ వైరస్‌ను నిర్వచించి, యజమాని అనుమతి లేకుండా ప్రవేశపెట్టినవారు నష్టపరిహారం చెల్లించాలని పేర్కొన్నది. దాడి చేసినవారి బాధ్యత ఈ విధంగా చట్టంలోకి ఎక్కింది. లోపాలున్న సాఫ్ట్‌వేరును అమ్మినవారి బాధ్యతకు మాత్రం అందులో ప్రత్యేక స్థానం దొరకలేదు.

మాక్రోల కథ ముగియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మొదట హెచ్చరిక పెట్టె వచ్చింది: మాక్రోలు నడపవచ్చునా, అవునా కాదా? పని తెమలాలనుకునేవారు 'అవును' నొక్కేవారు. తర్వాత ఆ పెట్టె పసుపు పట్టీ అయింది. పట్టీ మీది మీటను నొక్కించడమే దాడి చేసేవారి విద్య అయింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను అసలు నడవనివ్వకుండా డిఫాల్ట్‌గా అడ్డుకోవడం 2022లో మొదలైంది. కాన్సెప్ట్ నుంచి లెక్కిస్తే ఇరవయ్యేడేళ్లు.

2003 ఆగస్టు

ఈ వ్యాస ప్రతిపాదనకు అత్యంత బలమైన సాక్ష్యం 2003 ఆగస్టు 11న వ్యాపించడం మొదలుపెట్టిన 'బ్లాస్టర్'. వాడేవారు ఏ ఉత్తరమూ తెరవనక్కరలేదు, ఏ డిస్కూ పెట్టనక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీ లేదా విండోస్ 2000 ఉన్న యంత్రం ఇంటర్నెట్‌కు కలిస్తే చాలు. దూరపు యంత్రాల నుంచి వచ్చే అభ్యర్థనలను అందుకునే ఒక సేవ ఆ యంత్రాల్లో ఎప్పుడూ మేలుకొని ఉండేది. అందులో ఉన్న లోపం గుండా పురుగు లోపలికి దూరేది. ఆ సేవ కూలిపోయి, అరవై సెకన్లలో కంప్యూటరు ఆగిపోతుందన్న లెక్కింపు తెర మీద మొదలయ్యేది. మళ్లీ ప్రారంభించి ఇంటర్నెట్‌కు కలిపితే మళ్లీ అదే లెక్కింపు. విరుగుడు దిగుమతి చేసుకునే లోపే యంత్రం ఆగిపోయేది.

లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ జూలై 16నే, అంటే ఇరవయ్యారు రోజుల ముందే విడుదల చేసింది. కనుక ప్యాచ్ వేసుకోనివారిదే తప్పు అన్న మాట ఆనాడు గట్టిగా వినబడింది. కాని ఇంతకన్నా ముఖ్యమైన వాస్తవం మరొకటున్నది. బయటి నుంచి పిలవకుండా వచ్చే సంపర్కాలను ఆపే ఫైర్‌వాల్ ఎక్స్‌పీలో 2001 నుంచే ఉన్నది. దాన్ని ఆపివేసిన స్థితిలో పంపారు. తలుపు ఉన్నది, గడియ ఉన్నది; గడియ తీసి ఉంచి ఇల్లు అప్పజెప్పారు. గడియ పెట్టాలంటే నెట్‌వర్క్ కనెక్షన్ల పేజీలో లోలోపలి ట్యాబ్ ఒకటి వెతికి చిన్న గడిలో టిక్కు పెట్టాలి. పాత ప్రోగ్రాములు పని చేయవేమో, ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడం ఆగిపోతుందేమో అన్న జంకు ఆ నిర్ణయం వెనుక పనిచేసింది. పైగా ఎక్స్‌పీని స్థాపించేటప్పుడు సృష్టించే ఖాతాలు డిఫాల్ట్‌గా సర్వాధికారాలు గల అడ్మినిస్ట్రేటర్ ఖాతాలు. పాస్‌వర్డు ఖాళీగా వదిలేయవచ్చు. లోపలికి వచ్చిన ప్రోగ్రాము ఏదైనా ఇంటి యజమాని హోదాలోనే పనిచేసేది.

కంప్యూటరు భద్రతకే పెద్దపీట వేయాలని బిల్ గేట్స్ తన ఉద్యోగులకు లేఖ రాసింది 2002 జనవరిలో. దాని ఫలితం ఇళ్లకు చేరింది బ్లాస్టర్ తర్వాత, 2004 ఆగస్టులో విడుదలైన సర్వీస్ ప్యాక్-2 ద్వారా. అందులో ఫైర్‌వాల్ డిఫాల్ట్‌గా పనిచేసే స్థితిలో ఉన్నది. అప్‌డేట్లు తమంతట తాము దిగేలా చూసుకొమ్మని గట్టిగా అడిగే పేజీ వచ్చింది. బ్లాస్టర్, దాని తర్వాత 2004 మే నెలలో విజృంభించిన సాసర్ తరహాలో, ఇంట్లో ఖాళీగా ఉన్న యంత్రాలను ఇంటర్నెట్ మీదుగా నేరుగా పట్టుకునే పురుగుల ఉద్ధృతి ఆ మార్పు తర్వాత బాగా తగ్గింది. ఇళ్లకు వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ రౌటర్లు కూడా అదే పని చేశాయి. రౌటరు వెనుక ఉన్న కంప్యూటరుకు బయటివారు నేరుగా చేరలేరు. రౌటరు కొన్నవారిలో దీని కోసం కొన్నవారు బహుశా ఎవరూ ఉండరు.

తెలుగు ప్రాంతాల్లో ఈ మందు ఆలస్యంగా, అసమానంగా అందింది. సర్వీస్ ప్యాక్-2 పూర్తి ప్యాకేజీ దాదాపు 270 మెగాబైట్లు. సెకనుకు 56 కిలోబిట్ల డయలప్ మీద, లైను ఎక్కడా తెగకపోయినా, పది గంటలకు పైబడిన దిగుమతి. ఫోను బిల్లు సరేసరి. కంప్యూటరు పత్రికలతో వచ్చే సీడీలు, మిత్రుల దగ్గరి నకళ్లే చాలామందికి ఆధారం. దీనికి తోడు, దుకాణంలో భాగాలు కూర్చి అమ్మిన యంత్రాల్లో విండోస్ నకలు ప్రతి వేసి ఇవ్వడం మామూలు. అప్‌డేట్ చేస్తే నకలు అని పట్టుబడుతుందన్న భయంతో ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపి ఉంచమని దుకాణంవారే సలహా ఇచ్చేవారు. 2009లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన సెక్యూరిటీ ఎసెన్షియల్స్ కూడా అసలైన విండోస్ ఉన్నవారికే. నకళ్ల మీద కోపంతో లాహోరులో మొదలైన పీసీ వైరస్‌ల కథ, నకళ్లున్న ఇళ్లకు మందు అందని దశకు ఈ విధంగా చేరింది.

పెన్‌డ్రైవు, తెలుగు ఫాంట్లు

2000ల రెండో భాగంలో పరిశోధక విద్యార్థికి వైరస్ అంటే మొదట గుర్తుకు వచ్చేది పెన్‌డ్రైవు. ఇందుకు తెలుగు లిపికి సంబంధించిన ప్రత్యేక కారణం ఒకటున్నది. యూనికోడ్ ఇంకా అచ్చు ప్రపంచంలోకి రాలేదు. సిద్ధాంత వ్యాసాలు, పుస్తకాలు, కరపత్రాలు ఎక్కువగా అను వంటి ఫాంట్లలో, పేజ్‌మేకరులో తయారయ్యేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడేవి. ఈమెయిల్‌లో పంపినా ఇంట్లో చదవడానికి వీలుండేది కాదు. కనుక ప్రూఫు దిద్దిన ప్రతిసారీ ఫైలు పెన్‌డ్రైవులో డీటీపీ సెంటరుకు వెళ్లాలి, అక్కడి నుంచి ముద్రణాలయానికి, మళ్లీ విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు. రోజూ పదుల మంది పెన్‌డ్రైవులు ఒకే యంత్రానికి తగిలే చోటు డీటీపీ సెంటరు. లిపి ప్రమాణం లేకపోవడం ఈ ప్రాంతంలో వైరస్‌ల రవాణాకు తోడ్పడిందని ఈ ఆధారాల మీద అనుమానించవచ్చు. భాషా సాంకేతికత చరిత్ర రాసేవారు, కంప్యూటర్ భద్రత చరిత్ర రాసేవారు ఒకరి వైపు ఒకరు చూడనందువల్ల ఈ సంబంధం చర్చకు రాలేదు.

ఇక్కడా ఒక డిఫాల్టే ద్వారం. సీడీ పెట్టగానే ఆటో, పాఠమో మొదలయ్యే సౌకర్యం కోసం విండోస్ 95లో 'ఆటోరన్' ప్రవేశించింది. ఆ పేరుతో డిస్కులో ఒక చిన్న ఫైలు ఉంటే, ఏ ప్రోగ్రాము నడపాలో అది యంత్రానికి చెబుతుంది. పెన్‌డ్రైవులు వచ్చాక అదే సౌకర్యం వాటికీ వర్తించింది. మై కంప్యూటరులో డ్రైవు గుర్తు మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైళ్లు కనబడటానికి బదులు, ఆటోరన్ ఫైలులో పేరున్న వైరస్ నడిచేది. కొన్ని వైరస్‌లు అసలు ఫోల్డర్లను దాచిపెట్టి, అవే పేర్లతో నకిలీ షార్ట్‌కట్‌లను పెట్టేవి. తెరిచి చూస్తే నాలుగేళ్ల పరిశోధన కనబడక గుండె ఆగినంత పని అయినవారు ఆ తరంలో ఎందరో. నిజానికి ఫైళ్లు అక్కడే దాగి ఉండేవి. ఆ సంగతి తెలియక పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయించుకుంటే మాత్రం అవి నిజంగానే పోయేవి.

దీనికి జనం కనిపెట్టుకున్న చిట్కాలు తమంతట తామే ఒక చరిత్ర. రెండుసార్లు నొక్కకుండా కుడి మీట నొక్కి 'ఎక్స్‌ప్లోర్' ఎంచుకోవడం, పెన్‌డ్రైవు పెట్టేటప్పుడు షిఫ్ట్ మీట పట్టుకొని ఉండటం, ఆటోరన్ ఫైలు పేరుతోనే ఒక ఖాళీ ఫోల్డరును ముందే సృష్టించి వైరస్ అక్కడ తన ఫైలును రాయలేకుండా చేయడం. మూడోది నిజంగా తెలివైన ఉపాయం. 2008 నవంబరులో వచ్చిన 'కాన్ఫికర్' నెట్‌వర్కు లోపంతో పాటు ఈ పెన్‌డ్రైవు దారిని కూడా వాడుకున్నది. మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఆటోరన్‌ను తొలగించింది. 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా ఎక్స్‌పీ, విస్టాలకూ ఆ మార్పు పంపింది. ఆటోరన్ మీద ఆధారపడిన వైరస్‌ల బెడద ఆ తర్వాతి నెలల్లోనే తగ్గినట్టు ఆ ఏడాదే ప్రకటించింది. అన్ని చిట్కాలూ చేయలేని పని ఒక్క అమరిక మార్పు చేసింది. అప్‌డేట్లు ఆపి ఉంచిన యంత్రాలకు మాత్రం అది చేరలేదు.

తాళం తీయించే విద్య

2017 మే 12న మొదలైన 'వానక్రై' ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది. సొమ్ము కోసం ఫైళ్లను బందీ చేసే పద్ధతి కొత్తది కాదు. 1989లోనే ఎయిడ్స్ సమాచారం పేరిట తపాలాలో పంచిన ఫ్లాపీలు ఆ పని చేశాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని వానక్రై బారిన పడినట్టు నాటి వార్తలు తెలిపాయి. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి. ప్యాచ్ మార్చి 14నే వచ్చి ఉన్నది. ఫైళ్లను పంచుకోవడానికి వాడే దశాబ్దాల నాటి ఒక పద్ధతి, అవసరం ఉన్నా లేకున్నా, ఆ యంత్రాలన్నిటిలో డిఫాల్ట్‌గా పనిచేస్తూ ఉన్నది. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కొత్త రూపంలో దాన్ని తొలగించారు.

విండోస్ 10 హోమ్‌లో అప్‌డేట్లను వాడేవారు శాశ్వతంగా ఆపే వీలు కూడా సులభంగా లేకుండా చేశారు. భద్రత దృష్ట్యా ఇది మేలు. అయితే అమరికకు మూల్యం ఉన్నది. పరీక్ష ముందు రాత్రి యంత్రం తనంతట తాను పునఃప్రారంభం కావడం, అడగని మార్పులు వచ్చిపడటం, యజమాని మాట తన యంత్రంలో చెల్లకపోవడం దాని మరో ముఖం. రక్షించే అధికారం ఎవరి చేతిలో ఉంటే నియంత్రించే అధికారమూ వారి చేతిలోనే ఉంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత యంత్రాలు బాగానే పనిచేస్తున్నా వాటి భద్రత ఇంటివారి చేతిలో లేదు.

యంత్రం గట్టిపడిన కొద్దీ దాడి మనిషి వైపు తిరిగింది. వైరస్ భయమే ఒక ఆయుధమైంది. మీ కంప్యూటరులో వైరస్ ఉన్నదని ఫోను చేసి, విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, ఆరోగ్యమైన యంత్రంలోనూ మామూలుగా ఉండే ఎర్ర గుర్తులను సాక్ష్యంగా చూపి, దూరం నుంచి కంప్యూటరును నడిపే ప్రోగ్రామును ఇంటివారి చేతనే వేయించే మోసం 2000ల చివరి నుంచి వ్యాపించింది. హెచ్చరికలు నేర్పిన జాగ్రత్తే ఇక్కడ ఎర.

డబ్బు విషయంలోనూ అమరికల పాఠం వర్తించింది. ఇంటర్నెట్‌లో కార్డు చెల్లింపులకు కార్డు మీద కనబడని మరో ఆధారం తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. దొంగిలించిన కార్డు నంబరు ఒక్కటే ఉంటే దేశంలోని దుకాణాల్లో పని జరగని స్థితి అప్పుడు వచ్చింది. ఇది ఖాతాదారులు ఎంచుకున్నది కాదు, వారికి డిఫాల్ట్‌గా దక్కినది. దానితో దొంగలు ఓటీపీని అడిగి తీసుకోవడం నేర్చారు.

'డిజిటల్ అరెస్టు' అనే మోసంలో అడ్డుకోవలసిన ప్రోగ్రామంటూ ఏదీ లేదు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, ఒక గద్దింపు, ఎవరికీ చెప్పవద్దన్న ఆజ్ఞ, అంతే. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో దీని గురించి హెచ్చరిస్తూ, ఆగడం, ఆలోచించడం, చర్య తీసుకోవడం అనే మూడు మెట్లు సూచించారు; 1930 నంబరుకు ఫోను చేయమన్నారు. ఆ మూడు క్రియలకూ కర్త ఇంట్లో మనిషే. విశ్రాంత ఉపాధ్యాయుడి ఖాతాలోని జీవితకాలపు పొదుపు ఒకే మధ్యాహ్నం కొత్త ఖాతాలకు వెళ్లిపోవడానికి వీలిచ్చే పరిమితి ఎంత ఉండాలి, దాన్ని డిఫాల్ట్‌గా ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్న బ్యాంకు వైపు ఇంకా మిగిలే ఉన్నది.